కొట్టుడు నాది, నొక్కుడు వదినది

ఫోనులో ఏది చూస్తే అది మన చేతికి వచ్చేసినట్టేనని నమ్మిన రోజులవి. డేటా అయిపోయేలోగా సగం చూసి, మిగతా సగం సొంత తెలివితో పూరించుకునేవాళ్లం. అలా పూరించుకున్న సగం వల్లే ఒకసారి నా ముఖం బూరెలా పొంగింది.

టెక్కలి కాలేజీలో మా చరిత్ర లెక్చరరుకి రాళ్ల పిచ్చి. (బాణాల మేష్టారని పేరు పెట్టాం. ఆయనకీ తెలుసు.) ఆదిమానవుడు బాణపు ములుకు ఎలా చేశాడో నోటితో చెప్పడం చాలక, ఒక గోనెసంచి చెకుముకి రాళ్లు తెప్పించి, గుండ్రాయితో కొట్టి పెచ్చులు ఎలా లేపాలో చూపించారు. అందరిలోకీ బాగా కుదిరిన ములుకుని, చేసినవాళ్ల పేరుతో అద్దాల బీరువాలో పెడతానన్నారు. అంతే, ఆ బీరువాలో నా పేరు ఉండాలని పట్టుకుంది నాకు. కొట్టడంలో క్లాసులో నన్ను మించినవాళ్లు లేరు. ఒక్క దెబ్బకి తమలపాకంత పెచ్చు లేచేది. బీరువా నాదేనని ఖాయం చేసేసుకున్నాను.

మా మందస వదిన అడ్డం వచ్చింది. అత్త కూతురు, నాకంటే కాస్త పెద్ద. పలాస దగ్గర మా ఇంట్లోనే ఉంటూ నాతోపాటే కాలేజీకి వచ్చేది. తను కొడితే రాయి కంటే బొటనవేలికే ఎక్కువ దెబ్బలు. అలాంటిది ఒక ఆదివారం పెరట్లో కూర్చుని, అరచేతిలో పాత చెప్పు తోలు పరుచుకుని, దాని మీద రాతి పెచ్చు పెట్టి, కర్రపిడికి బిగించిన రాగితీగ మొనతో అంచుని నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా చేప పొలుసంత ముక్క ఊడి వస్తోంది. అంచు రంపంలా తేలుతోంది. ఏదో వీడియోలో చూసిందట. మా అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి మరీ వచ్చి చూసి, దీని చేతిలో ఏదో ఉందే అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేర్పమని అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోవు కదా, అయినా అడగలేదు. చాటుగా ప్రయత్నిస్తే పెచ్చు విరిగి అరచెయ్యి తెగింది.

అప్పుడే నాకూ ఒక వీడియో దొరికింది. రాయిని ముందు వేడి చేస్తే చెప్పినట్టు వింటుందట. ఎలా చెయ్యాలో చెప్పేలోపు డేటా అయిపోయింది. జీడితోటల ఉద్దానం పిల్లకి కాల్చడం ఒకరు నేర్పాలా? ఆ సాయంత్రం మా మామ్మ చిల్లుల రేకు మీద జీడిపిక్కలు కాలుస్తోంది. ఆవిడ అటు తిరగ్గానే నా రాళ్లు పిక్కల్లో కలిపేశాను. జీడినూనె కారి మంట భగ్గుమంది. రాళ్లు ఫట్‌ఫట్‌మని పేలి, సగం పిక్కలు వెళ్లి కొబ్బరిచెట్ల మొదట్లో పడ్డాయి. నూనె పట్టిన రాతిముక్కలు ఏరుకుని, అదే చేత్తో ముఖం తుడుచుకున్నాను.

"పిక్కల్లో రాళ్లేరడం సూసేను గానీ, రాళ్లేసి కాల్సడం ఇప్పుడే సూత్తన్నానే," అంది మామ్మ.

తెల్లారేసరికి జీడినూనె తగిలిన చోటల్లా పొక్కి, ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. కొబ్బరినూనె గిన్నెతో వదినే వచ్చి పక్కన కూర్చుంది. జీడి మంటైనా భరించాను గానీ ఆ మంచితనం భరించలేకపోయాను.

"నొక్కడం రాదనేటే ఈ పని సేసినావు?" అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

"నేనెందుకు నేర్సుకున్నానో తెలుసేటి? నీలాగ కొట్టడం రాక. నువ్వు పెచ్చు లేపినప్పుడల్లా నాకు కడుపు మండిపోయీది. నేను నొక్కినవన్నీ నువ్వు పారేసిన పెచ్చులే."

కొబ్బరినూనె కంటే ఆ మాట బాగా పనిచేసింది. మా వదినంతటిదానికి నా మీద కుళ్లా! వాపు తగ్గాక నేను కొట్టాను, తను నొక్కింది. బీరువాలోకెక్కిన ములుకు కింద మేష్టారు ఇద్దరి పేర్లూ రాశారు. (తన పేరు ముందు రాశారు. పెద్దది కదా అన్నారు. నేను నమ్మలేదు.)

ఇప్పుడు వదిన కాపురం హరిశ్చంద్రపురంలో. మొన్న వచ్చినప్పుడు, సరదాగా మళ్లీ రాళ్ల ముందు కూర్చున్నాం. నేను చెయ్యి చాచేలోపే తను గుండ్రాయి అందుకుని ఒక్క దెబ్బ వేసింది. తమలపాకంత పెచ్చు లేచింది. ఎప్పుడు నేర్చుకున్నావు వదినా అంటే, నీకు తెలీకుండా అని నవ్వింది. నేనూ నవ్వి, చాలా బాగుందని మెచ్చుకుని, బస్సెక్కించి వచ్చాను. వచ్చిందగ్గర్నుంచీ ఇల్లంతా ఒక పాత తోలు చెప్పు కోసం వెతుకుతున్నాను.