నా కార్డు మీద ఎర్ర ముద్ర

1984లో నేను పాల్వంచ దగ్గర ఒక కర్మాగారంలో టైమ్ కీపర్‌ను. గేటు పక్కనే మా టైమ్ ఆఫీసు, దాని గోడకు పంచింగ్ క్లాక్. కార్డు లోపల పెట్టి మీట నొక్కితే గంట, నిమిషం అచ్చు పడతాయి. వేళకు వస్తే నలుపు, అయిదు నిమిషాల గ్రేస్ దాటితే ఎరుపు. ఆ గడియారం తాళంచెవి నా దగ్గరే ఉండేది. రోజూ డ్యూటీకి రాగానే రేడియో సమయంతో దాన్ని సరిచూసేవాణ్ని. ఎవరేం చెప్పినా నాకు కార్డే సాక్ష్యం.

ఆ ఏడాది మార్చి నుంచి వరుసగా మూడు నెలలు, మొదటి ఆదివారం మాత్రమే, మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే బి-షిఫ్టులో పంతొమ్మిది కార్డులు ఎర్రబడ్డాయి. ఆ ఆదివారాల్లో కాలనీ క్లబ్బులో పాటల కార్యక్రమం జరిగేది. క్లబ్బుకు అధ్యక్షులు మా పర్సనెల్ ఆఫీసరు గారే.

"దీనికంతటికీ మూలం ఆ క్యాంటీన్ నర్సమ్మ. ఆమె పాట అయ్యేదాకా ఎవరూ కదలరు. టెంపరరీ మనిషే కదా, రిపోర్టు రాయండి, తీసేద్దాం" అన్నారాయన.

"చూడకుండా రాయలేనండి."

"కార్డులు చూశారుగా?"

"కార్డులు గేటు దగ్గరివండి. ఆలస్యం మొదలైంది క్లబ్బు దగ్గర. అక్కడి సమయాలు నా దగ్గర లేవు."

జూన్ మొదటి ఆదివారం చేతి గడియారం, నోటుపుస్తకం తీసుకుని వెళ్లాను. ఆ రోజు నాదీ బి-షిఫ్టే. పాటంటే ప్రాణం పెట్టే కాలనీ అది. కోస్తా నుంచి వచ్చినవారు హార్మోనియంలు తెచ్చుకున్నారు, అడవి పల్లెలవారు డోళ్లు తెచ్చుకున్నారు. రెండు వందల కుర్చీలూ నిండి, గోడ వెంట జనం నిలబడ్డారు. పన్నెండుకు మొదలు కావలసిన కార్యక్రమం అధ్యక్షుల కోసం ఆగింది. వారు 12.22కు వచ్చారు. రాసుకున్నాను.

అందరూ సినిమా పాటలే పాడారు. చివరగా నర్సమ్మ వచ్చింది. ఆమె పాడేవి తాను కట్టుకున్న పాటలు. చేతిలో కంజీర తప్ప మరేమీ లేదు. గేటుకు వెళ్లే కంపెనీ బస్సు 1.25కు. గడియారం 1.24 చూపింది. నేను లేచాను. అప్పుడామె చివరి పాట ఎత్తుకుంది.

"నువ్వు దిగే యాళ్లకు నేనెక్కాలె డూటి,
నేను దిగే యాళ్లకు నీకు తొలినిద్ర,
గేటు కాడ నిలబడ్డ మూడే నిమిషాలు
మన సంసారమాయె మావా!"

నేను కూర్చున్నాను. ఆమె భర్త ముత్తయ్య బాయిలర్ ఖలాసీ, రెండింటికి ముగిసే ఎ-షిఫ్టు. అతను బయటికి వచ్చే సమయం 2.01. నర్సమ్మ మామూలు రోజుల్లో 1.25 బస్సెక్కి 1.45కే గేటు దగ్గర దిగినా ఆమె కార్డు మీద పడేది 2.04. బద్ధకం వల్ల గ్రేస్ వాడుకుంటోందని నాలుగేళ్లుగా అనుకున్నాను. ఆ రెండు అంకెలనూ రోజూ రిజిస్టరులో ఎక్కించింది నేనే. ఒకదానిలోంచి ఒకటి తీసివేసి చూడలేదు.

పాట 1.33కు ముగిసింది. రెండో ట్రిప్పు బస్సులో ఆ పంతొమ్మిది మందితో పాటు నేనూ గేటు చేరాను.

ఫిట్టరు యాదగిరి నవ్వుతూ అన్నాడు: "సారూ, తాళంచెవి మీ తాన్నే ఉన్నది గద. జర ముల్లు ఎనకకు తిప్పుండ్రి, మీరు బతికిపోతరు, మేమూ బతికిపోతం."

జవాబుగా అందరికంటే ముందు నా కార్డు పెట్టి మీట నొక్కాను. 2.08. ఎరుపు.

"అయ్యో సారు, నా పాట జెయ్యవట్టి మీ కార్డు గూడ ఖరాబయిందా?" అంది నర్సమ్మ.

"నీ పాటది తొమ్మిది నిమిషాలేనమ్మా. ఇరవై రెండు నిమిషాలు వేరొకరివి" అన్నాను.

సోమవారం రిపోర్టు ఇచ్చాను. కార్యక్రమం పన్నెండుకే మొదలై ఉంటే ఆమె చివరి పాట 1.11కు ముగిసేది, బస్సు అందేది. నా కార్డు కూడా జతచేశాను. ఆఫీసరు గారు 12.22 అన్న అంకె దగ్గర వేలు ఆపారు.

"ఇది కూడా రాయాలా?"

"సమయం ఎవరిదైనా రాయడమే నా ఉద్యోగమండి."

ఆయన పేజీ తిప్పారు. తరువాత చివరి వాక్యం చదివారు. నెలలో ఆ ఒక్క ఆదివారం ముత్తయ్యకు ఎ-షిఫ్టు బదులు బి-షిఫ్టు ఇవ్వవలసిందని నేను కోరిన వాక్యమది.

"ఇదెందుకు?"

"ఆ పాట ఎవరి కోసం కట్టిందో అతను ఇంతవరకు వినలేదండి. పాడే వేళకు బాయిలర్ దగ్గర ఉంటాడు."

ఆయన సంతకం పెట్టారు. నర్సమ్మను తీసివేసే మాట మళ్లీ రాలేదు.

జూలై మొదటి ఆదివారం అధ్యక్షులు 11.55కే వచ్చారు. ముత్తయ్య మూడో వరుసలో కూర్చుని, పాట అయ్యేదాకా తల ఎత్తలేదు. ఆ రోజు ఒక్క కార్డూ ఎర్రబడలేదు. భార్యాభర్తలు ఒకే బస్సు దిగి, ఒకరి వెనుక ఒకరు కార్డులు పెట్టారు. 1.49, 1.49.

నా ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఎర్ర ముద్ర అదొక్కటే. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అంకెల మీద నమ్మకం నాకు తగ్గలేదు. కాకపోతే, ఒకే అంకె రోజూ కనబడితే దాని పక్కన బద్ధకమని రాసే ముందు కిటికీలోంచి గేటు వైపు చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆ జూలై ఆదివారానికి మరునాడు ముత్తయ్య తిరిగి ఎ-షిఫ్టుకు వెళ్లాడు, నర్సమ్మ కార్డు మళ్లీ 2.04 చూపింది. నల్లగానే.