మీటరు చక్రం ముందు ఫ్రిజ్ విచారణ

ఆ రోజుల్లో హిందీ రాష్ట్రంలో, కంపెనీ క్వార్టర్లలో పెరిగిన మాలాంటివాళ్ళకి కరెంటంటే గాలీ వెలుతురూ లాంటిదే. జీతంలో ఏదో కాస్త కోసుకునేవారు గానీ, ఎంత వాడారని అడిగిన నాథుడు లేడు. తడి బట్టలు ఆరాలంటే గదిలో ఫ్యాను వేసి బజారుకి పోయేవాళ్ళం. అలాంటి మేము ఊరి చివర పర్సుడీహ్‌లో సొంతిల్లు కట్టుకుని, వరండా గోడకి మీటరు బిగించుకున్నాక గానీ తెలియలేదు, అంతకాలం ఎంత దర్జాగా బతికామో!

బిల్లు చూసి నాన్న మండిపడ్డాడు. నేరం మోపాలంటే ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళే కనబడతారు కదా, మా ఇంట్లో కొత్తగా వచ్చింది ఫ్రిజ్. దగ్గర్లోని గమ్హరియాలో ఓ చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో చేరి, నా తొలి సంపాదనతో నేను కొన్న ఫ్రిజ్! (నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ అని వీధిలో తెలియనివాళ్ళు లేరు. నేనే చెప్పేదాన్ని.)

"రేత్రీ పగలూ గుర్రుమంతాది. అది తినకపోతే కరెంటు ఇంకెవులు తింతారు? ఆదివారం మా షిఫ్టు దోస్తు టెంపో అట్టుకొత్తన్నాడు, అమ్మేత్తన్నాను," అన్నాడు నాన్న.

"గుర్రుమన్నవోళ్ళే తింతే, నువ్వు పడుకున్నప్పుడు మీటరు పేలిపోవాల నానా," అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే సవాలు విసిరాను. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వేద్దాం, దేనికి మీటరులో చక్రం జోరుగా తిరిగితే అదే దొంగ. నేను స్టూలెక్కి మీటరు ముందు నిలబడ్డాను. చెల్లి ఇల్లంతా పరుగెత్తి లైట్లూ ఫ్యాన్లూ టీవీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకి, "సబ్ బంద్ హై, దీదీ!" అని అరిచింది.

చక్రం ఆగలేదు. ఆగకపోగా బొంగరంలా తిరుగుతోంది! "నానా, బేగి రా! ప్లగ్గు పీకినా తిరుగుతోంది, సూడు!" అని గంతేశాను (స్టూలు మీదే). "ఎవుడో మన లైనుకి వైరు తగిలించీసినాడే!" అంటూ నాన్న కర్ర పట్టుకుని ఇంటి చుట్టూ వెతికి వచ్చాడు. వైరూ లేదు, దొంగా లేడు. అంతలో గుమ్మం ముందు టెంపో హారను!

గోడల మీద స్విచ్చులన్నీ వెతుక్కుంటూ ఇంట్లోకి పరుగెత్తాను. స్నానాల గదిలో, మేకుకి వేలాడుతున్న నాన్న డ్యూటీ చొక్కా పక్కకి జరిపితే, స్విచ్చు పక్కన ఎర్రగా చిన్న దీపం. గీజరు! టక్కున నొక్కాను. "రుక్ గయా! రుక్ గయా!" అని వరండాలోంచి, ఆగిన చక్రాన్ని చూస్తూ చెల్లి కేక.

నాన్న తెల్లబోయాడు. "గీజరేటే? అది నీళ్ళు గదా! క్వార్టర్లో ఎప్పుడైనా ఆపినామేటి?" నిజమే. ఏ షిఫ్టు దిగి వచ్చినా వేడినీళ్ళు సిద్ధంగా ఉండాలని అక్కడ ఎవరూ గీజరు ఆపేవారు కాదు. అది కూడా ఆపాల్సిన వస్తువేనని ఆయనకి తోచనే లేదు. ఫ్రిజ్ అమ్మనని చెబితే దోస్తు ఊరుకుంటాడా? "టెంపో ఖాళీగా ఎలా తోలుకుపోతాన్రా? ఆ గీజరైనా ఇచ్చీ!"

ఫ్రిజ్ దక్కింది. నా విజయాన్ని వీధి వీధంతా చాటాను. కానీ పౌరుషం కొద్దీ నాన్న గీజరు ముట్టడం మానేశాడు. జనవరి చలిలో ఓ పొద్దున ఆయన నైటు షిఫ్టు దిగి వచ్చి చన్నీళ్ళు పోసుకుంటుంటే, పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు వంటింటి దాకా వినబడింది. ఆ మర్నాటి నుంచి ఆయన సైకిలు గంట వినబడక ముందే లేచి, గీజరు వేసి, ఆయన బకెట్టులో కాసిన్ని వేడినీళ్ళు కలిపి, ఆపేసేదాన్ని.

"ఏటో, నీళ్ళు మునపటంత సల్లగా లేవే," అన్నాడోరోజు లోపల్నించి.

"సలి తగ్గింది నానా," అన్నాను.

ప్రతి మాటకీ వాదించుకునే మేమిద్దరం ఆ ఒక్క మాట దగ్గర మాత్రం వాదించుకోలేదు. స్టూలెక్కి లోకాన్ని జయించాననుకున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. చలిలో ముందే లేచి, చప్పుడు కాకుండా స్విచ్చు నొక్కిన పిల్ల మాత్రం కాస్త ముద్దొస్తుంది.