రాకెట్టులో ఆవిడ కోసం ప్రార్థన

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక్క సంగతి చెబుతాను. పొద్దున మనవరాలు బడిలో బొమ్మలు అంటించాలని మైదా బంక ఉడికిస్తుంటే, ఆ వాసనకి రేపల్లెలో మా ఇల్లు గుర్తొచ్చింది.

మా అమ్మ నాట్ల నుంచి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా కూర్చుని కిరాణా కొట్టుకి కాగితం సంచులు అంటించేది. తెనాలి నుంచి తూకానికి తెచ్చిన పాత పత్రికలు, అన్నీ రాకెట్టు కథలే. ఐదో తరగతి చదివే నేను అవి ఆ వారం వార్తలనుకునేదాన్ని. ఒకదాంట్లో చంద్రుడి మీద దిగినావిడకి మూడు రోజులకే గాలి మిగిలిందట. మిగతాది వచ్చేవారం అన్నారు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమనగానే లేచి, రాకెట్టులో వెళ్లినావిడ కోసం ప్రార్థన చేయమన్నాను.

"ఎవరి తాలూకమ్మా ఆవిడ?" అన్నారు అయ్యగారు.

"తెలీదండి. గాలి అయిపోతోందండి."

అందరూ నవ్వారు. "ఏంటే, పొట్లం కాగితాలు చదివి మతి పోయిందా? అవి నువ్వు పుట్టకముందువే!" అంది పక్కింటి పిన్ని.

"అయితే చచ్చిపోయిందా?" అని ఏడ్చాను.

కునుకుతున్న అమ్మ గోడ పట్టుకుని లేచింది. "పిల్ల అడిగింది కదా, చేసేయండి అయ్యగారండి."

ఆయన నవ్వకుండా ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు.

అమ్మ కూడా ఆవిడ నిజంగా ఉందని నమ్మిందనుకున్నానప్పుడు. తన నడుం నొప్పికి ఏనాడూ మనవి చెప్పుకోని మనిషి ఆ రోజు నాకోసం లేచిందని, నా నడుం వంగాక గానీ తెలియలేదు.

మీ ఇంట్లో ఎవరు నవ్వులపాలైనా, పక్కన లేచి నిలబడే మనిషి ఎప్పుడూ ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.