గోడ మీద ఉప్పు

మేము నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకునేటప్పుడు నా భార్య ప్లానులో వేలు పెట్టింది ఒక్క చోటే. వంటగది ఎటు, దేవుడి గూడు ఎటు అని నేను మేస్త్రీతో తలపడుతుంటే, ఆమె వచ్చి పక్కింటి వైపు ప్రహరీ గోడ పునాది దగ్గర నిలబడి, తన మోచేతి కింద గాలిలో ఒక గీత గీసింది.

"ఇంతే. దీని మీదికి ఒక్క ఇటుక లేవొద్దు" అంది.

"దొంగలొస్తే?" అన్నాను.

"మనింట్ల ఏముందని వస్తరు? నువ్వున్నవని వస్తరా?"

మేస్త్రీ నవ్వు దాచుకోవడానికి వంగి తాపీ కడుక్కున్నాడు. గోడ మోచేతి ఎత్తు దగ్గరే ఆగిపోయింది.

ఆమెది వర్ని దగ్గర పల్లె. కాలువ కింద ఊరు, ఎటు చూసినా వరి, చెరుకు. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది గోడ కాదు, దడి. కట్టెలు పాతి, చెరుకు నరికాక మిగిలిన ఎండాకును దట్టించి కట్టేవారు. గోడలకు చెవులుంటాయంటారు గాని, దడికి ఆ అవసరం లేదు. దడే ఒక పెద్ద చెవి. అటు గుసగుసలాడితే ఇటు జవాబు వచ్చేది. "అయితే దడే కట్టుకుందాం, ఖర్చు తక్కువ" అని నేను వేళాకోళమాడితే ఆమె ఒప్పుకోలేదు.

"దడిల నుంచి మాట పోతది. ఉప్పు పోదు."

మా ఇళ్ళల్లో ఉప్పు చేతికి ఇవ్వరు. చేతిలో నుంచి చేతిలోకి ఉప్పు పోతే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ కొట్లాట అవుతుందని నమ్మకం. మిరపకాయలకూ అదే పట్టింపు. ఇచ్చేవాళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టాలి, తీసుకునేవాళ్ళు అక్కడి నుంచి తీసుకోవాలి. వాళ్ళమ్మ పక్కింటికి ఉప్పు ఇవ్వాలంటే దడి చివరి దాకా నడిచి, బజారులోకి వచ్చి, వాళ్ళ గడప దగ్గర పెట్టి రావాల్సిందట. "పిడికెడు ఉప్పుకు ఊరేగింపు" అనేది నా భార్య. తన ఇంటికి చెయ్యి ఆనేంత గోడ ఉండాలని చిన్నప్పుడే అనుకుందట. తోటి పిల్లలు పట్టీలు అడిగే వయసులో గోడను కోరుకున్న మనిషిని నేను చేసుకున్నాను. నేనేమో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్‌కు నిద్ర లేచి పెరిగినవాణ్ణి. ఉప్పు సంగతి నాకేం తెలుస్తుంది.

ఆ గోడ రెండిళ్ళకూ మూడో చెయ్యి అయింది.

పక్కింటామె బీడీలు చుడుతుంది. పొద్దున గోడ నీడ తన వైపు పడే వేళకు చాట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చునేది. నా భార్య ఇవతల నిలబడి గోడ మీదే కూరగాయలు తరిగేది. అటు కత్తెర తునికాకును కత్తిరిస్తూ ఉండేది, ఇటు కత్తి బీరకాయను కోస్తూ ఉండేది. ఇద్దరి మాటలకు మాత్రం కత్తీ కత్తెరా ఏదీ అడ్డు వచ్చేది కాదు. నా భార్య ఆమెను అక్క అని పిలిచేది. ఆ వరసన నేను మరిదిని, ఆమె నాకు వదినె. మరిది అయ్యాక మాటలు పడక తప్పదు. కాలువల శాఖలో గుమస్తా ఉద్యోగం నాది. ఎప్పుడైనా కాస్త ముందు ఇల్లు చేరితే గోడ అవతలి నుంచి పలకరింపు వచ్చేది.

"ఏం మరిదీ, గింత జల్ది వచ్చినవ్? కుర్సీ ఎల్లగొట్టిందా?"

నేను జవాబు వెతుక్కునేలోపు నా భార్య అందుకునేది. "లేదక్కా, కుర్సీకి ఇయ్యాల సెలవు."

మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో ఇద్దరూ కలిసి గంజ్ మార్కెట్ నుంచి రాళ్ళ ఉప్పు బస్తా తెప్పించి గోడ మీద పెట్టించేవారు. అటు గిన్నె అటు, ఇటు గిన్నె ఇటు పంచుకునేవారు. ఒక ఏడు తొందరపడ్డ వాన ఒకటి వచ్చింది. ఎండబెట్టిన ముక్కలను లోపలికి మోసే హడావిడిలో బస్తాను గోడ మీదే మరిచారు. నేను వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఉప్పు కరుగుతోందని నాకు తెలిసింది, లేచి వెళ్ళాలని తట్టలేదు. వాన వెలిసేసరికి సగం బస్తా గోడ తాగేసింది.

"ఇగ గోడకు దప్పి అయితది" అంది వదినె.

"మా ఆయనను తెచ్చి ఆడ నిలవెట్టు. తడిస్తె కరగడు, ఎండితె కదలడు" అంది నా భార్య.

నా భార్య పోయి రెండు ఎండాకాలాలు దాటాయి. జబ్బు గురించి మాట్లాడటం ఆమెకే ఇష్టం ఉండేది కాదు, కాబట్టి నేనూ రాయను. ఆమె పోయాక గోడ దగ్గరికి నేను వెళ్ళడం మొదలైంది. వదినె కూర గిన్నె పెట్టి రెండు సార్లు గోడ మీద తట్టేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని నాకు తెలుసు. ఏం పెట్టాలో తెలియదు. నా వంట నేను తినడమే గొప్ప. అందుకని ప్రతిసారీ ఇంత చక్కెర పోసి పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళు చూసి ఆమె అంది: "మరిదీ, నీ చక్కెరతోని నాకు షుగర్ వచ్చేటట్టుంది. రేపటి సంది నాలుగు మిరపకాయలన్న వెట్టు."

ఆ గోడ పైభాగం ఒకచోట నున్నగా అరిగి ఉండేది. నా భార్య మోచెయ్యి ఆనించే చోటు. పొద్దున నేను అక్కడ నిలబడితే నా మోచెయ్యి దానికి కుదిరేది కాదు, నా ఎత్తుకు గోడ కాస్త తక్కువ. ఒంగి ఆనించుకునేవాణ్ణి.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఒకరోజు వదినె ఇంత ఉప్పు ఉందా అని అడిగింది. నేను గిన్నెలో పోసుకొచ్చి నేరుగా చెయ్యి చాపాను. ఆమె ఏదో ధ్యాసలో ఉండి నేరుగా అందుకుంది. ఆ తరువాత ఇద్దరం గిన్నె వంక చూశాం.

"గింత గోడ ఉండంగ చేతికిచ్చినవేంది మరిదీ?"

"నువ్వెందుకు తీసుకున్నవ్?"

"నువ్విస్తివి, నేను తీస్కుంటి." ఆమె గిన్నెను గోడ మీద పెట్టి మళ్ళీ తీసుకుంది, జరిగినదాన్ని వెనక్కి తిప్పుతున్నట్టు. "మనకేం కొట్లాట ఉంటది తీ."

ఆ నెలలోనే వాళ్ళబ్బాయి కారు కొన్నాడు.

మా గల్లీ సన్నం. కారు బయట పెడితే ఆటో కూడా తిరగదు. ఇంటికీ గోడకీ మధ్య ఉన్న సందులో కారు పెట్టి, పైన రేకుల షెడ్డు వేస్తానని అతను వచ్చాడు. రేకులు ఆనడానికి గోడ లేపాలి. గోడ హద్దు మీద ఉంది, ఇద్దరిదీ. అందుకే మర్యాదగా అడగడానికి వచ్చాడు.

"కాకా, ఖర్సంత నాదే. నీకు గుడ కోతుల బాధ తప్పుతది."

"కోతులకు గోడ అడ్డమా బిడ్డా? వాటికది రోడ్డు."

"ఐతె వాటి రోడ్డు జర ఎత్తుగ ఏస్తున్న అనుకో" అని నవ్వాడు. మంచివాడు. చిన్నప్పుడు అదే గోడ మీద ఎక్కి కూర్చుని నా భార్య చేతి ముద్దలు తిన్నవాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను.

ఇన్నేళ్ళు ఫైళ్ళ మధ్య బతికినవాడికి ఒక మూఢనమ్మకం ఉంటుంది, మనసులో ఉన్నదానికి ఎక్కడో ఒక రూలు ఉండే ఉంటుందని. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాను. ప్లాన్లు చూసే సెక్షన్‌లో ఒక కుర్రాఫీసరు ఓపికగా చెప్పాడు. రోడ్డు వైపు గోడ ఇంతకు మించి లేవకూడదట. పక్కలా వెనకా ఇంకాస్త లేపుకోవచ్చట. మూల మీద ఇల్లయితే మలుపు తిరిగే బండికి చూపు ఆనేలా ఉండాలట. అన్నీ ఇంతకు మించి, ఇంతకు మించి.

"ఇంతకన్న తక్కువనే ఉండాలె అని ఏమన్న రాసి ఉందా?" అని అడిగాను.

"తక్కువకు రూలెందుకు సార్? తక్కువ ఎవరడుగుతరు?"

అడిగిన మనిషి లేదని అతనికెలా చెప్పను.

"గోడ లేపుడు తప్పు గాదు సార్" అని అతనే మళ్ళీ అన్నాడు. "షెడ్డు మాత్రం తప్పే. సెట్‌బ్యాక్ జాగల పైకప్పు ఉండొద్దు. మీరు రాసిస్తే వచ్చి చూస్తం. వచ్చినమంటే రెండు దిక్కుల చూస్తం మరి."

ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారని అప్పుడే తెలిసింది. జీవితంలో సెట్‌బ్యాక్‌లు చాలానే చూశాను గాని, ఇంటి చుట్టూ ఒక్కటీ వదల్లేదు. ఆ జాగాలో నాది బాత్రూం ఉంది, మెట్లున్నాయి, తులసి గద్దె కూడా ఉంది. దండం పెట్టి బయటపడ్డాను. అయినా దారి పొడుగునా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. ఒక కాగితం రాసిస్తే షెడ్డు ఆగుతుంది. షెడ్డు ఆగితే గోడ ఆగుతుంది.

మర్నాడు పొద్దున వదినె నన్ను చూడగానే చాట పక్కన పెట్టింది.

"మున్సిపాల్టికి పోయినవట?"

"నీళ్ళ బిల్లు కట్ట పోయిన."

"నీళ్ళ బిల్లు మొన్ననే కడ్తివి గద."

గల్లీలో రహస్యాలకు దడి కూడా లేదు. నేను దాచడం మానేశాను. "వదినె, నీ కొడుకుకు నువ్వన్న చెప్పరాదా?"

"ఏం చెప్పాలె? మీ చిన్నమ్మ మోచెయ్యి ఆనిన జాగ, కారును ఎండల వెట్టుకో అని చెప్పాల్నా?"

ఆమె ఆ నున్నటి చోట చేత్తో తుడిచింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

"నాకు గుడ పానం ఒప్పుతలేదు మరిదీ. ఎవ్వరు లేనప్పుడు గీడికొచ్చి దాంతోని మాట్లాడుత నేను. గాని వాడు కారు తెచ్చిన నాడు నన్ను ముందట కూసోవెట్టుకొని నిజాంసాగర్ కట్ట దాక తోలుకపోయిండు. నీళ్ళు సూసుకుంట చాయ్ తాగినం. వాడు అడిగింది గిదొక్కటి." వంగి చాట మళ్ళీ అందుకుంది. "నువ్వొద్దంటె వాడు ఇంటడు. ఏమనడు. గాని మీ ఇద్దరి నడుమ మాట పోతది. గోడ లేస్తె మనం జర గట్టిగ మాట్లాడాలె, గంతే. మాటే పోతే ఏం జేస్తవ్?"

నేను కాపాడుకోవాలనుకున్నది ఇటుకలను కాదు, ఆమె నిలబడి మాట్లాడిన చోటును. కాగితం రాసిస్తే చోటు మిగులుతుంది, మాట్లాడేవాళ్ళు మిగలరు.

"ఉప్పు యాడ వెట్టాలె మరి?" అన్నాను చివరికి.

"నువ్వు ఎట్లాగూ చేతికే ఇస్తివి గద" అంది. నవ్వుతూనే అంది. "గందుకే గోడ వచ్చింది."

సాయంత్రం వాళ్ళబ్బాయి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆపి, కానియ్యి బిడ్డా అన్నాను.

పని మొదలైన రోజు మేస్త్రీ పాత గోడ పైభాగం గీకుతూ ఆగాడు. నున్నగా అరిగిన చోటికి కింద సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది. లోపల ఇటుక మీద తెల్లటి పొడి.

"సార్, గోడకు ఉప్పు వట్టింది. గీ ఇటుకలు తీసేసి కొత్తయి వెట్టాలె. లేకుంటె మళ్ళ పూస్తది."

"గోడ పడిపోతదా?" అని అడిగాడు వాళ్ళబ్బాయి.

"పడదు. ఎంత రంగేసినా నిలువదు, గంతే."

"ఉండనీ" అన్నాను నేను. అదే సమయానికి అవతలి నుంచి వదినె కూడా ఉండనీ అంది. అబ్బాయి నా వైపూ, అమ్మ వైపూ చూసి, మేస్త్రీకి తల ఊపాడు. కొత్త వరస ఇటుకలు పాతవాటి మీదికెక్కాయి. పొద్దుగూకేసరికి వదినె జుట్టు కూడా కనబడకుండా పోయింది.

ఇప్పుడు కూర గిన్నె గేటు దాటి వస్తుంది. ఉప్పయితే గేటు పక్క దిమ్మె మీద పెట్టి పిలుస్తాను. పిడికెడు ఉప్పుకు ఊరేగింపు మా ఇంటికీ వచ్చింది. పొద్దున ఇవతల కూర్చుంటే కత్తెర చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒక్కోసారి అది ఆగుతుంది. అక్కడ ఎవరో ఏదో అంటారని ఆమె ఎదురుచూస్తున్నట్టు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. నేను కూడా ఆ ఖాళీలో నా భార్య మాట కోసం చెవి ఒగ్గుతాను. నాకు తోచే జవాబులేవీ ఆమె జవాబుల్లా ఉండవు.

ఈ వానాకాలం మొదటి వానలకు రేకుల షెడ్డు డప్పులా మోగింది. కారు తడవలేదు. ముసురు వెలిసిన నాలుగో రోజో ఐదో రోజో గోడకు వేసిన పసుపు రంగు ఒకచోట ఉబ్బి రాలింది. లోపలి నుంచి తెల్లగా, మెత్తగా, పత్తి పువ్వులా ఉప్పు బయటికి వచ్చింది. సరిగ్గా ఆమె గాలిలో గీత గీసిన ఎత్తులో. వేలితో తుడిస్తే పోయింది. రెండు రోజులకు మళ్ళీ పూసింది. గోడకు రంగు మళ్ళీ వేయిస్తానని వాళ్ళబ్బాయి అన్నాడు. తొందరేం లేదులే అన్నాను.

ఇవాళ పొద్దున దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, అవతల కత్తెర ఆగింది.

"మరిదీ" అని గొంతు కాస్త పెంచి పిలిచింది. "నీ దిక్కు పూసిందా?"

"పూసింది వదినె."

"నా దిక్కు సుత పూసింది" అంది.