ఓడకు తగులుకున్న వల

చింతపల్లి దగ్గర సముద్రంలో మునిగిన పాత ఓడను స్కూబా డైవింగ్ చేసి చూసొచ్చి, విజయనగరం బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన నా తడిజుట్టు చూసి, "ఓడ కాడికి దిగినావేటి?" అన్నాడు.

"దిగాను తాతా. లోపల టికెట్ అడిగేవాడే లేడు."

ఆయన నవ్వలేదు. ఒడ్డునున్న కొండనూ తాటితోపునూ గుర్తు పెట్టుకుని, చేపలు బాగా పడతాయని నలభై ఏళ్లు సరిగ్గా అక్కడే వల వేశాడట. ఓడకు తగులుకుని వలలు పోతున్నాయంటే ఇంటావిడ నమ్మదట. "ఓడా లేదు, బండా లేదు, నీకు వలెయ్యడం రాదు" అని నేటికీ దెప్పుతుందట.

గైడు తీసిన వీడియో ఫోన్‌లో చూపించాను. తుప్పుపట్టిన ఇనుముకు చుట్టుకున్న వల, దాని చుట్టూ వందల చేపలు. ఆయన తెర మీద వేలు పెట్టాడు.

"ఆ పసుపుతాడు అతుకు నాను ఏసిందే."

వెంటనే ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "ఒసే, ఓడేనే. సూసినోడు సెప్తాడు, ఇనుకో."

మా ఇంట్లో నేను వానొస్తోందన్నా ఎవరూ ఆరేసిన బట్టలు తియ్యరు. అయినా ధైర్యం చేసి, "నిజమేనమ్మా, ఓడే. వల కూడా ఉంది," అన్నాను.

ఆవిడ వెంటనే అందుకుంది.

"మరి మా వల తేలేదేటి బాబూ?"

పెద్దాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయింది.