నడుముకు కట్టిన పరికరం, వెనక వరుసలో కుర్చీ

మా నాన్న ప్రత్తిపాడులో జీవితమంతా పరుపులు కుట్టాడు. దూది ఏకి ఏకి ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ నడుం చెడలేదు. డెబ్బై దాటాక కూడా మసీదులో నుదురు నేలకానించి, చేతి ఆసరా లేకుండా లేచేవాడు.

కిందటి ఎండాకాలం మిరప కళ్లం దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు. కాయలు ఏరే ఆడవాళ్లు చూసేదాకా ఎండలోనే ఉన్నాడు. గుంటూరులో ఉద్యోగం చేసే మా అన్నయ్యకు ఆనాటి నుంచి నిద్ర లేదు. ఆ భయం నిజమే, కాదనను. ఒంటికి కట్టుకునే పరికరం ఒకటి కొన్నాడు. మనిషి పడితే కనిపెట్టి అన్నయ్య ఫోన్ మోగిస్తుంది.

ఒంటి మీద దానికి సరైన చోటేదో చూడటానికి కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. పరీక్షకని దాన్ని తన ఫోన్‌కు కలిపి, ముందు నాన్న మణికట్టుకు కట్టాడు. నాన్న కర్ర తీసుకుని పాత పరుపులోని దూది దులపగానే ఫోన్ మోగింది. ఛాతీకి కడితే దగ్గు తెర వచ్చినప్పుడల్లా మోగింది. తొడకు కడితే అన్నానికి కింద కూర్చున్నా మోగింది. చీలమండకైతే టెక్నీషియనే కట్టుకుని మా పరుపుల మీద ధబీమని పడ్డాడు. అప్పుడు మోగలేదు.

"నువ్వు పడేది నా పరుపు మీదయ్యా, నేను పడబోయేది నేల మీద. దానికి తేడా తెలుసుద్దా?" అన్నాడు నాన్న.

"నడుమేనండి," అని తేల్చాడతను. "ఎటు పడ్డా తెలిసిపోద్ది."

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. నాన్న జొహర్ నమాజుకు వెళ్లి సజ్దా చేశాడు. నుదురు నేలను తాకగానే గుంటూరులో గంట మోగింది. లేచి మళ్లీ వంగితే మళ్లీ మోగింది. అన్నయ్య కంగారుగా నాకు ఫోన్ చేశాడు. మాది పక్క వీధే. చున్నీ సరిగ్గా కప్పుకోకుండానే పరిగెత్తాను. నాన్న నవ్వుతూ మసీదు మెట్లు దిగుతున్నాడు.

ఊరంతా అదే మాట. "ఏం మామా, నువ్విక్కడ వంగితే అక్కడ గంట కొడతందంట గదా!"

"కొడతందిరా. వాడక్కడ వంగుతున్నాడో లేదో నాకు చెప్పే మిషనే ఇంకా రాలా," అనేవాడు నాన్న.

అన్నయ్యకు నవ్వు రాలేదు. ఆదివారం వచ్చి నాతో అన్నాడు: "కుర్చీలో కూర్చుని చేసుకోమను. నమాజప్పుడు విప్పి పెడితే అప్పుడే పడితేనో? జబ్బు మనిషికి వెసులుబాటు ఉంది గదా. నువ్వు ఆడపిల్లలకు ఖురాన్ చెప్తావు, నీకు తెలీదా?"

"వంగలేని మనిషికి అన్నయ్యా. నాన్న వంగుతాడు. ఓర్చుకోలేనిది నీ మిషన్."

"నీకేం, చెప్తావు. మోగేది నా ఫోను."

ఇమాం గారు కూడా పరవాలేదన్నారు. పరికరానికి చోటు కుదిరింది. ఇక చోటు మార్చుకోవాల్సింది మా నాన్నే అయ్యాడు. "వాడి ప్రాణమంతా అందులో ఉందే. కూర్చుంటాలే," అన్నాడు నాతో. వెనక వరుస చివర ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందరూ నేలను తాకే వేళ ఆయన గాలిలో తల వంచేవాడు. సజ్దాలో ఉన్నప్పుడే మనిషి దేవుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటాడని నాకు నేర్పింది ఆయనే. చలికాలం వచ్చేసరికి నుదుటి మీది నమాజు మచ్చ పలచబడింది.

ఒకరోజు అందరూ కలిసి చేసే జొహర్ జమాత్ అయ్యాక ఎవరి సున్నత్ నమాజు వాళ్లు విడిగా చేసుకుని వెళ్తున్నారు. నాన్న కుర్చీలోంచి మెల్లగా ముందుకు జారాడు. నుదురు చాపకు ఆనింది.

"ముసలాయన కొడుకు మాట పక్కనబెట్టాడ్రోయ్," అన్నారట ఎవరో.

"కదిలించబాకండి. ఎన్నాళ్లకో దిగాడు."

అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయారు. మౌజన్ ఆయన కోసం ఫ్యాన్ కూడా ఆపలేదట. సాయంత్రం అసర్ అజాన్ ఇవ్వడానికి వచ్చేసరికి నాన్న అలాగే ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది.

ఫోన్ మోగలేదు. పరికరం తీసుకెళ్లడానికి వచ్చిన టెక్నీషియన్ దాన్ని చూసి అన్నాడు: "దీని తప్పేం లేదండి. ఆయన పడలా, నిద్రలోకి ఒరిగినట్టు జారారు. విసురుగా పడితేనో, వంగితేనో మోగుద్దండి."

మసీదులో ఆయన్ను నేను కళ్లారా చూడలేదు. కబురందగానే గుంటూరు నుంచి వచ్చి చూసింది అన్నయ్య. ఇంటి గుమ్మంలో నన్ను పట్టుకుని ఏడ్చాడు. "కాలు కుర్చీలో ఇరుక్కుందే. మొహం పడమర ఖిబ్లాకేసి కూడా లేదు, పక్కగోడకేసి ఉంది."

జనాజా లేచేసరికే ఊరు వేరే మాట చెప్పుకుంటోంది. సజ్దాలో పోయాడు, అలాంటి చావు ఎంతమందికి దొరుకుతుంది! మూడోనాటి జియారత్ ప్రార్థనకు వచ్చినవాళ్లతో అన్నయ్యే అంటున్నాడు: "మా నాన్న సజ్దాలో పోయారండి."

లోపలికి పిలిచి అడిగాను. "మరి కాలో?"

"ఇప్పుడదెందుకే," అని తువ్వాలుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లాడు.

దేవుడు మా నాన్నను కరుణిస్తాడు. నాకు సందేహం లేదు. అందుకు ఆయనకు ఈ కట్టుకథ అక్కర్లేదు.

తర్వాత ఆడవాళ్ల సమావేశంలో ఆ మంచి చావు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. "మా నాన్నను నేల మీదికి దిగనివ్వలేదమ్మా," అన్నాను. ముందు కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"దుఃఖంలో ఉంది పాపం. అల్లా సబర్ ఇవ్వాలి, ఓర్చుకునే బలం ఇవ్వాలి," అంది అందరితో.

ఆమీన్ అన్నారందరూ. నేనూ అన్నాను.