చెరువు అడుగున మస్తాన్ భాయ్ చేతులు

1981 డిసెంబరు. ఆత్మకూరు సబ్‌డివిజన్‌లో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి అప్పటికి ఆరేళ్ళు. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇంజనీరూ కాదు, కూలీ కాదు. పని బాగా జరిగితే పేరు పైవాళ్ళకు పోతుంది, చెడితే మాట మనకు మిగులుతుంది. చెరువు కట్టలు, తూములు, కాలవలు, వాటి వెంట తిరగడానికి ఒక పాత సైకిలు, ఇదీ ఉద్యోగం. రిటైరయ్యేలోపు గండ్లు ఎన్నో పూడ్చాను. "మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏది సార్?" అని కుర్ర ఇంజనీర్లు అడిగితే ఏదో ఒక గండి కథ చెప్పి తప్పించుకునేవాణ్ణి. మరిచిపోలేనిది మాత్రం ఇది.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఉదయగిరి కొండ కింద ఒక చెరువు నాలుగేళ్ళ తర్వాత నిండింది. నిండిన సంతోషం పట్టుమని పది రోజులు నిలవలేదు. తూముకు అడుగున ఇనుప తలుపు ఉంటుంది, దాన్ని షట్టర్ అంటాం. కట్ట మీద చక్రం తిప్పితే పొడుగాటి కడ్డీ ఆ షట్టర్‌ను పైకి లేపుతుంది, కిందికి దించుతుంది. నారుమళ్ళకు నీళ్ళు వదిలి తిరిగి మూయబోతే అది సగంలో బిగుసుకుపోయింది. ఎంతమంది పట్టి తిప్పినా చక్రం కదల్లేదు. నీళ్ళు నడుము లోతున కాలవలోకి పోతూనే ఉన్నాయి.

ఆయకట్టు రైతుల్లో పెద్దాయన పెంచలరెడ్డి. మూడో రోజు నన్ను కట్ట మీద నిలబెట్టి అడిగేశాడు.

"ఏందబ్బయ్యా, ఇట్టా వారం పోతే చెరువులో కప్పలకన్నా నీళ్ళు మిగలతాయా? ఏదో ఒకటి చెయ్యి."

ఊళ్ళో ఈతగాళ్ళు ఇద్దరు మునిగి చూశారు. తూము దగ్గర పాతిక అడుగుల లోతు. అడుగు చేరేసరికే ఊపిరి అయిపోయి తేలారు. అప్పుడు కబురు పెట్టింది మస్తాన్ భాయ్‌కి.

మస్తాన్ భాయ్‌ది ఉదయగిరే. ఇంటి వృత్తి చెక్క పని. గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కే కుటుంబం. వయసులో మద్రాసు వెళ్ళి, హార్బర్‌లో నీటి అడుగు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పదేళ్ళు పనిచేసి, అక్కణ్ణించి ఒక పాత స్కూబా సెట్టుతో తిరిగొచ్చాడు. వీపుకి గాలి నింపిన సిలిండర్, నోట్లో ఆ గాలిని అందించే రెగ్యులేటర్, కళ్ళకు అద్దం, నడుముకు సీసపు బరువులు, అదీ స్కూబా అంటే. ఏడాదికి నాలుగైదు సార్లు ఇలాంటి పిలుపులు వస్తే దిగేవాడు. మిగతా రోజులన్నీ ఆకురాయి, చెక్క. నలభై దాటిన బక్కపలచటి మనిషి.

గాలి నింపిన సిలిండర్లు మూడు మద్రాసు నుంచి లారీలో తెప్పించాడు. పొద్దున్నే కట్ట మీద సామాను విప్పుతుంటే నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. సన్నటి తుంపర, కొండ మీంచి గాలి. అతను ముందుగా తీసింది కోతిటోపీ. నాకు నవ్వొచ్చింది.

"ఏంది భాయ్, ఊటీకి పోతున్నావా? మన ఎండల ఊళ్ళో నీళ్ళు మాత్రం ఎంత చల్లగా ఉంటాయి?"

"ఐసుగడ్డ అయితే ఒక్క దెబ్బన తెలస్తాది సార్. ఇది చెదపురుగు మాదిరి. మెల్లంగా తింటాది, తిన్నట్టు కూడా తెలీనీదు."

తర్వాత అతను చెప్పింది నేను నా ఉద్యోగంలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"చేతులు చల్లబడేది చేతుల్లో కాదు సార్, రొమ్ములో. ఒళ్ళు చల్లబడితే గుండె తన రక్తం తాను దాచిపెట్టుకుంటాది. చేతులకి, కాళ్ళకి పంపీదు. అందుకని ముందు నెత్తి, రొమ్ము కాపాడుకోవాల. అవి వెచ్చంగా ఉంటే చేతులు వాటంతటవే ఉంటాయి."

కోతిటోపీ మీద లారీ ట్యూబు కత్తిరించి కుట్టుకున్న ముసుగు వేసుకున్నాడు. ఒంటికి చేతుల్లేని రబ్బరు జాకెట్టు. మణికట్లకు ఉన్ని పట్టీలు, అవీ వదులుగా. బిగిస్తే ఉన్న రక్తం కూడా ఆగుతుందట. ఇంటి దగ్గరే వేడి వేడి రాగి జావ తాగి వచ్చాడు. పొద్దున్నుంచి బీడీ ముట్టలేదు. పొగ తాగితే వేళ్ళు తొందరగా చల్లబడతాయన్నాడు. రబ్బరు గ్లౌజులు తొడిగి, దిగే ముందు ఎడమదానిలోకి గోరువెచ్చటి నీళ్ళు పోయించుకున్నాడు. కుడిచేతి గ్లౌజుకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు కోసేసి ఉన్నాయి.

"ఇవెందుకు కోశావు?"

"అడుగున అంతా బురద సార్. కండ్లకి ఏమీ ఆనదు. ఏది రాయో ఏది ఇనుమో ఈ మూడు వేళ్ళే చెప్పాల. ఇంటికాడ చెక్క పల్చన తెలిసేదీ వీటితోనే."

లైఫ్‌లైన్ నా చేతికిచ్చాడు. అంటే నీళ్ళలో ఉన్నవాడికీ కట్ట మీద ఉన్నవాడికీ మధ్య తాడు. ఒకసారి లాగితే క్షేమం, రెండు సార్లు లాగితే తాడు వదలమని, మూడు సార్లు లాగితే పైకి తీయమని. అవన్నీ చెప్పాక తాడు కొసను తన నడుముకు కట్టుకున్నాడు.

"ఇంకొకటి సార్. పైకొచ్చినాక నా చేతులు మొద్దులు. నిప్పు కాడికి పోనీబాకండి. నేనే అడిగినా పోనీబాకండి. చలి పట్టినోడికి బుద్ధి సరింగా పనిచెయ్యదు. దుప్పటి కప్పి, చేతులు చంకల్లో పెట్టుకోమనండి. గంట సేపు. అంతే."

"సరేలే భాయ్."

"సరే అంటే చాలదు. మాట ఇయ్యండి."

నవ్వుతూ చేతిలో చెయ్యి వేశాను.

మొదటిసారి తొమ్మిదింటికి దిగాడు. అరగంటకు పైకి వచ్చి సంగతి చెప్పాడు. షట్టర్ కింద ఒక తాటిమొద్దు ఇరుక్కుని ఉంది. వరదకు కొట్టుకొచ్చినట్టుంది. దుప్పటి కప్పాను, చేతులు చంకల్లో పెట్టుకోమన్నాను, గడియారం చూసి గంటకు పైనే కూర్చోబెట్టాను. అతనికి మళ్ళీ వేడి జావ తాగించాను. అప్పటిదాకా నేను మంచివాణ్ణే.

పొడుగాటి గొలుసు తెప్పించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అది పట్టుకుని రెండోసారి దిగి మొద్దుకు తగిలించాడు. కట్ట మీంచి ఇరవై మంది లాగితే అది పీకిన పన్నులా ఊడి తేలింది. చక్రం తిరిగింది, షట్టర్ దిగింది. కాలవలో నడుము లోతు నీళ్ళు చూస్తుండగానే చీలమండల దాకా తగ్గాయి. రైతులు ఈలలు వేశారు. పూర్తిగా మాత్రం మూసుకోలేదు. ఒక మూల రాయి అడ్డుపడిందని, అది తనకు అందలేదని మస్తాన్ భాయ్ పైకి వచ్చి చెప్పాడు. అప్పటికి మూడున్నర దాటింది. పెదవులు నీలం తిరిగి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

పెంచలరెడ్డి కాలవలోకి తొంగిచూసి తలాడించాడు.

"ఈమాత్రం కారితే కారనీలే అబ్బయ్యా. ఇంక చాలు. ఆ మడిసిని ఇంటికి పంపించు. రాయి సంగతి రేపు చూసుకుందాం."

నీళ్ళు అవసరమైన మనిషే చాలన్నాడు. చాలదని అనుకున్నది నేను. మర్నాడు పొద్దున మా పై ఇంజనీరు వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి కాలవ ఎండిపోయి ఉండాలి, 'మొత్తం మూయించాను సార్' అని నేను అనాలి. మూడో సిలిండర్ ముట్టకుండా అలాగే ఉంది.

"భాయ్, ఇంకొక్కసారి దిగగలవా?"

అతను వేళ్ళు ముడవబోయాడు. ముడుచుకోలేదు.

"చేతులు ఇంకా రాలేదు సార్. గంట కావాల."

"గంటైతే వెలుతురు పోతుంది కదా."

"అయితే రేపు దిగుతా."

కాలవ వైపు తిరిగి, మొహం ముడుచుకుని నిలబడ్డాను. తిట్టలేదు, బతిమాలలేదు, ఊరికే నిలబడ్డాను. పేదవాడికి ఆఫీసు మనిషి మొహం చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. పది నిమిషాలు గడిచాయి.

"సార్," అన్నాడు వెనకనించి. "ఆ నిప్పు రొంత ఇట్టా తెప్పీండి. కాపుకుంటే లేస్తాయేమో చూద్దాం."

మట్టి మోసే ఇనుప తట్టలో కూలీలు టీ కోసం నిప్పులు చేసుకుని ఉన్నారు. ఇక్కడ నేను నిజం రాయాలి. అతను పొద్దున చెప్పిన మాట నాకు గుర్తుంది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అతనే అడుగుతున్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తట్టను ఎవరికీ చెప్పకుండా నేనే తెచ్చి అతని ముందు పెట్టాను.

"వేడి తగులుతోందా భాయ్?"

"లేదు సార్. ఇంకొంచెం దగ్గరికి జరపండి."

జరిపాను. మళ్ళీ అడిగితే మళ్ళీ జరిపాను. తర్వాత నీటి మట్టం చూసొద్దామని తూము వైపు నాలుగడుగులు వేశాను. వెనక పెంచలరెడ్డి అరిచాడు.

"ఓరి నీ! ఏంది ఆ కమురు వాసన? ఆ చేతులు తియ్యండ్రా!"

మస్తాన్ భాయ్ తట్ట అంచును కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. కోసిన గ్లౌజులోంచి బయటికున్న మూడు వేళ్ళు కాలిన ఇనుముకు అంటుకుని ఉన్నాయి. అతను మాత్రం మామూలుగా కాలవ వైపు చూస్తున్నాడు. వేళ్ళు కాలుతున్న సంగతి అతనికి తెలియలేదు. మేం చెయ్యి లాగాక తన వేళ్ళను తానే కొత్తగా చూసినట్టు చూశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఆ సామెత ఆ రోజు తర్వాత నా నోట రాలేదు. రోడ్డు మీద పోతున్న జీపు ఆపి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో మర్రిపాడు దగ్గర అతని చేతికి తెలివి వచ్చింది. అక్కణ్ణించి ఆత్మకూరు దాకా అతను పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

డాక్టరు కట్టు కడుతూ విసుక్కున్నాడు. "మొద్దుబారిన చేతికి వేడి తెలుస్తుందా? దుప్పట్లో కూర్చోబెడితే అదే సర్దుకునేది కదా. నిప్పు ఎవరు పెట్టారు?"

నేను నోరు తెరిచేలోపే మస్తాన్ భాయ్ అన్నాడు. "నేనే సార్. నేనే అడిగినా."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నిప్పు పెట్టడం కంటే అది పెద్ద తప్పని నాకిప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు ఇంజనీరు వచ్చి, కాలవలో చీలమండ లోతు పారకం చూసి, నా భుజం తట్టాడు. "బాగా మూయించావయ్యా. ఈమాత్రం కారుడు ప్రతి తూముకీ ఉంటుంది." వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక తీసే కూలీల్లో ఒకామె ఆ రాయిని ఒంటిచేత్తో తీసి పక్కన పారేసింది. మూడు శేర్ల బరువు కూడా ఉండదు.

పుండ్లు మానాయి. చర్మం బిగుసుకుని వేళ్ళు వంగడం తగ్గింది, కొసల్లో స్పర్శ తిరిగి రాలేదు. నీళ్ళలోకి దిగడం ఆగిపోయింది. ఆ సంగతి నేను విని ఊరుకున్నాను. ఉదయగిరి వైపు పని పడితే వేరేవాళ్ళను పంపించేవాణ్ణి. అతని ఇంటికి పోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

వసారాలో కూర్చుని ఎడంచేత్తో ఆకురాయి పట్టి చెక్క గీరుతున్నాడు. "రండి సార్, రండి" అని చాప పరిపించాడు. కోడిగుడ్డు పట్టే గరిటె ఒకటి చెక్కుతున్నాడు. మోటుపని వరకే అతనిది. అంచులు పలచన చేసి నున్నగా తీర్చేది ఇప్పుడు అతని భార్య జైనబీ. కాసేపు గీరి, ఆ గరిటె నాకు అందించాడు.

"ఈ అంచు పట్టుకోని చూడండి సార్. గరుగ్గా ఉండాదా? నాకు ఆనటం లేదు."

వేలితో తడిమాను. ఒకచోట సన్నటి పేడు తగిలింది. చెప్పాను. అక్కడ గీరి మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ తడిమి చెప్పాను. అలా నాలుగుసార్లు. ఐదోసారి నావల్ల కాలేదు.

"భాయ్, ఆ రోజు నువ్వు ముందే చెప్పినావు. నేను మాట ఇచ్చినాను."

"పోనీండి సార్. అడిగింది నేనే గదా."

తలుపు దగ్గర ఉన్న జైనబీ పని ఆపింది. అరవలేదు, ఏడవలేదు. మామూలు గొంతుతోనే అంది.

"ఈయన అడగతాడనే గదయ్యా మీ కాడ మాట తీసుకున్నింది."

మస్తాన్ భాయ్ ఆమెను ఉర్దూలో ఏదో కసిరాడు. ఆమె లోపలికి పోయింది. నాకు చాయ్ తెచ్చి పెట్టింది. తాగాను.

తర్వాత నా సర్వీసులో నీళ్ళలోకి మనిషిని దింపిన ప్రతిసారీ పని పెట్టిన చోట నిప్పు ఉండనివ్వలేదు. దుప్పట్లు, జావ, వెచ్చటి నీళ్ళు ముందే సిద్ధం చేయించాను. కూలీలు నన్ను చాదస్తుడని నవ్వుకున్నారు, నవ్వుకోనిచ్చాను. చేతులు ఎలా కాపాడుకోవాలో మస్తాన్ భాయ్ నాకు చెప్పినదంతా కుర్ర ఇంజనీర్లకు చెప్పాను. చెప్పనిది ఒక్కటే, అది ఇప్పుడు చెబుతున్నాను. ఒంట్లో వెచ్చదనం ఉండగా మనిషి చెప్పిందే అతని మాట. వణుకుతూ నిప్పు అడిగింది అతను కాదు. ముడుచుకున్న నా మొహం చూసి అతని చేత నేనే అడిగించాను.